బైబిల్లో మలాకీ 3:10లో "ఆకాశపు వాకిండ్లను విప్పి" అంటే ఏంటి?

అందరికీ వందనాలు. "ఆకాశపు వాకిండ్లను విప్పి, పట్టజాలనంత విస్తారముగా దీవెనలు కుమ్మరించెదను" అనే మాట కానుకల కవర్ల మీదా క్యాలెండర్ల మీదా చూస్తూనే ఉంటాం. నాకు రెండు డౌట్లు. వాకిలిని తీస్తాం, తెరుస్తాం, విప్పడం ఏంటి? ఇంకోటి, ఈ మాట చదివిన ప్రతిసారీ దశమభాగం (రాబడిలో పదో వంతు) ఇస్తే డబ్బులు తిరిగొస్తాయి అనే చెబుతున్నారు, అసలు ఈ వచనంలో డబ్బు ఉందా? గొడవకి కాదు, తెలుగు సంగతి తెలుసుకుందామని అడుగుతున్నా.

జవాబు:

విప్పడం దగ్గర మీకు తేడా కొట్టిందంటే సరిగ్గానే చదివారు. ఆదికాండము 7:11 తీయండి, నోవహు జలప్రళయం దగ్గర "ఆకాశపు తూములు విప్పబడెను" అని ఉంటుంది. 8:2లో అవే తూములు మూయబడ్డాయి, వాన ఆగిపోయింది. రెండో రాజులు 7:2లో సమరియాలో కరువు నడుస్తుంటే రాజుగారి అధికారి ఒకడు ఎలీషా ప్రవక్తని వెటకారం చేస్తాడు చూడండి, దేవుడు ఆకాశంలో కిటికీలు తెరిచినా ఇది జరిగే పనేనా అని. తూములు, కిటికీలు, వాకిండ్లు, మన బైబిల్లో మూడు మాటలు పడ్డాయి గానీ హీబ్రూలో మూడు చోట్లా ఒకటే మాట, అరుబ్బోత్.

నన్నడిగితే మలాకీలో కూడా తూములనే ఉంచాల్సింది, అప్పుడు విప్పడం అనే మాట కూడా కుదిరేది. చెరువు కింద సేద్యం చేసిన ఇంట్లో ఎవరికైనా తూము అనగానే నీళ్ళు గుర్తొస్తాయి, డబ్బు గుర్తు రాదు. ఇక్కడ ప్రవక్త చెప్పేది కూడా నీళ్ళ గురించే, అంటే వాన గురించి. అనుమానం ఉంటే తర్వాతి వచనం చదవండి, పంటని తినేసే పురుగుల్ని గద్దిస్తాను, మీ ద్రాక్షచెట్లు కాయల్ని ముందే రాల్చవు అని ఉంటుంది. పొలం ఉన్నవాళ్ళతో, కోత కోసి గింజలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళతో మాట్లాడుతున్నాడన్నమాట. పట్టజాలనంత అంటే కూడా పెట్టుకోడానికి చోటు చాలనంత అని, గాదెలు నిండిపోయేంత అని.

ఇక మీ రెండో డౌటు. అదే వచనం మొదట్లో "నా మందిరములో ఆహారముండునట్లు" అని ఒక ముక్క ఉంది, దాన్ని మన ప్రసంగాల్లో ఎందుకో గబగబా దాటేస్తారు. ఆ వెంటనే "మందిరపు నిధి" అని ఉండేసరికి మనకి సహాయనిధి, బిల్డింగ్ ఫండ్ గుర్తొస్తాయి గానీ అది ధాన్యం, ద్రాక్షారసం, నూనె పెట్టుకునే కొట్టు. నెహెమ్యా 13లో ఇదే కథ ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది, జనం పదో వంతు తేవడం మానేస్తే మందిరంలో సేవ చేసే లేవీయులకి తిండి లేక ఎవరి పొలానికి వాళ్ళు పోయారు, మందిరం పని ఆగిపోయింది. ద్వితీయోపదేశకాండము 14 చివర్లో అయితే మూడేళ్ళకోసారి తీసే పదో వంతుని ఊళ్ళోనే ఉంచి లేవీయులకీ, పరదేశులకీ, తల్లిదండ్రులు లేని పిల్లలకీ, విధవరాండ్రకీ కడుపునిండా పెట్టమని ఉంది. డబ్బు ప్రస్తావన కూడా ఆ అధ్యాయంలో ఉంది, అదీ ఊరు దూరమై పంట మోయలేకపోతే అమ్మి, ఆ వెండి తీసుకెళ్ళి, అక్కడ కావలసింది కొనుక్కుని ఇంటిల్లిపాదీ సంతోషంగా తినమని. (ఆ కొనుక్కోమన్న జాబితాలో మద్యం కూడా ఉంది, ఆ ముక్క మీద ప్రసంగం నేనైతే ఎక్కడా వినలేదు.)

ఇప్పుడు నెలకి 9,000 జీతంతో అద్దెకుండే ఆవిడని ఈ లెక్కలో పెట్టి చూడండి. పదో వంతు అంటే 900, దాదాపు ఒక గ్యాస్ బండ. ఆమెకి పొలం లేదు, గాదె లేదు. ద్వితీయోపదేశకాండము ప్రకారం ఆమె కూర్చోవాల్సింది వడ్డించుకునే వరుసలో. అలాంటి మనిషిని పట్టుకుని ఇవ్వకపోతే దేవుని దగ్గర దొంగిలించినట్టే అని మలాకీ 3:8 చూపించి బెదిరించడం, ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కవర్లో పెట్టడం, ఇది వచనాన్ని తలకిందులు చేసి చదవడమే.

జవాబు:

మాది కరీంనగర్ సైడు సార్. మా దిక్కు వాకిలి అంటే తలుపు కాదు, ఇంటి ముందు జాగ, పొద్దుగాల ఊడ్చి సాన్పు చల్లుతం గదా అది. అందుకని చిన్నప్పుడు నాకు ఆకాశపు వాకిలంటే దేవుడింటి ముందు పెద్ద ఖాళీ జాగ ఉన్నట్టు అనిపించేది. వాకిండ్లు అన్న బహువచనం మాత్రం మాకు పాతగ అనిపియ్యదు, మేం ఇప్పటికీ ఇండ్లు అనే అంటం.

జవాబు:

అన్నా, మీరు చెప్పింది బాగుంది గానీ చదువుతుంటే లేనివాళ్ళు ఇస్తే వాళ్ళంతా మోసపోయినట్టే అన్నట్టు ఉంది. మా అమ్మ ఇళ్ళల్లో పని చేసి మమ్మల్ని చదివించింది. రోజూ ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. ఎవరూ భయపెట్టలేదు. ఇంట్లో బియ్యం అడుగంటినా మానేది కాదు, ఎందుకమ్మా అంటే మనకీ ఇంకొకళ్ళకి పెట్టేంత ఉందే అనేది. కరువులో ఏలీయా ప్రవక్తకి సారెపతు విధవరాలు తన దగ్గరున్న కాస్త పిండితో చేసి ఇచ్చింది కదా, ఆమెకి మాత్రం పొలం ఉందా?

జవాబు:

లేదమ్మా, అమ్మగారిని తక్కువ చేసే ఉద్దేశం ఏమాత్రం లేదు. పిడికెడు బియ్యం మన దగ్గర చాలా సంఘాల్లో ఉన్న అలవాటే. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఇవ్వడం గురించి ఏకంగా పుస్తకమే రాశారు, ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకునే పేదలే. పేదవాడు ఇవ్వకూడదు అనడం కూడా ఒకరకంగా అతన్ని చిన్నచూపు చూడటమేనని ఒప్పుకుంటాను.

కానీ సారెపతు కథ (మొదటి రాజులు 17) మళ్ళీ చదవండి. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ఏలీయా ముందు నాకొక చిన్న అప్పం చెయ్యి అంటాడు, తీసుకుని వెళ్ళిపోడు. ఆ ఇంట్లోనే ఉండి, ఆమే, ఆమె కొడుకూ తిన్నదే తాను తింటాడు, పిండి అయిపోతే ముగ్గురూ పస్తే. ఇంకోటి, తొట్టి పొంగి పొర్లలేదు. వాన పడేదాకా పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు, అంతే. తక్కువ డబ్బుతో దేవుణ్ణి నమ్ముకుని బతికేవాళ్ళని అడగండి, వాళ్ళ సాక్ష్యాలు కూడా ఇలాగే ఉంటాయి, ఫీజు కట్టాల్సిన రోజుకి ఎలాగో కుదిరింది అంటారు గానీ కోట్లొచ్చాయని ఎవరూ అనరు.

మందిరంలో తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన విధవరాలి సంగతి కూడా చూడండి. మార్కు 12లో ఆమె రావడానికి కాస్త ముందే యేసు ధర్మశాస్త్రం బోధించే శాస్త్రుల గురించి "విధవరాండ్ర యిండ్లు" దిగమింగేవాళ్ళు అంటాడు. ప్రసంగంలో రెండు కాసుల దగ్గర మొదలుపెడితే ఆ మాట పైనే మిగిలిపోతుంది.

జవాబు:

మరి అదే మలాకీ వచనంలో ఉన్న "నన్ను శోధించినయెడల" సంగతి? మత్తయి 4:7లో దేవుని శోధింపవలదు అని ఉంది కదా?

జవాబు:

రెండు చోట్లా పరీక్షించడమే అర్థం. శోధింపవలదు అన్నది ఎడారిలో మస్సా అనే చోట నీళ్ళ కోసం జనం దేవుణ్ణి నిలదీసిన సందర్భం నుంచి వచ్చింది. మలాకీలో దేవుడే పిలిచి చూసుకోండి అంటున్నాడు, అదీ కొట్టు నింపకుండా లేవీయుల్ని పస్తు పెట్టినవాళ్ళతో. ఇది చీటీపాట కాదు, నేను 1,000 వేశా నాకు 10,000 ఏది అని అడగడానికి.

మొదట అడిగినవారు:

థాంక్సండీ. చివరిగా ఒకటి. కొత్త నిబంధనలో మనం పదో వంతే ఇవ్వాలని ఉందా?

జవాబు:

మత్తయి 23:23లో పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు తీసే పరిసయ్యులతో అవి మానొద్దంటూనే న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని యేసు మందలిస్తాడు. సంఘాలకి పౌలు రాసిన దాంట్లో వంతు లెక్క లేదు, 2 కొరింథీ 9:7లో సణుక్కోకుండా, బలవంతం లేకుండా, ఎవరు హృదయంలో ఎంత అనుకుంటే అంత అని ఉంది. అందుకే కవరు మీద పేరూ మొత్తమూ రాయించి ఆదివారం మైకులో చదివే పద్ధతి నాకు నచ్చదు. 5,000 ఇచ్చినాయన పేరు తర్వాత 20 రూపాయలు ఇచ్చినావిడ పేరు చదివితే వచ్చే వారం ఆవిడ ఎవరి దగ్గరో చేబదులు అడుగుతుంది.