అత్యయికమా, ఆత్యయికమా? నాన్నగారి నోటు పుస్తకంలో ఒక చిల్లు

నల్లకుంట పాఠకురాలు:
సభ్యులందరికీ నమస్కారం. ఒక శ్లోకపాదం పది రోజులుగా నన్ను వదలడం లేదు. జూలై 28 జైపాల్ రెడ్డి గారి వర్ధంతి. ఆ రోజుకు మా కాలనీ గ్రంథాలయం తెచ్చే చిన్న సంచికకు వ్యాసం రాస్తున్నాను. మా నాన్నగారిది కల్వకుర్తి దగ్గరి పల్లె. 1969 నుంచి 1984 వరకు జైపాల్ రెడ్డి గారే అక్కడి శాసనసభ్యులు. ఆయన సభలో మాట్లాడినది పత్రికలో వస్తే నాన్నగారు నోటు పుస్తకంలోకి ఎత్తిరాసుకునేవారు. 1977 నాటి పుటలో "మా ఎమ్మెల్యే కాంగ్రెస్ విడిచారు" అని ఉంది. దాని కింద ఆకుపచ్చ సిరాతో "సర్వమ", ఆ పక్కన పురుగు తిన్న చిల్లు, తర్వాత "త్యయికం కార్యం". ఆపైన సిరా అలుక్కుపోయింది. చిల్లు సరిగ్గా ‘మ’ పక్కన, దీర్ఘం ఉంటే ఉండవలసిన చోట పడింది. ఇది ‘సర్వమత్యయికం’ అవుతుందా, ‘సర్వమాత్యయికం’ అవుతుందా? ఆయన పేరు కింద నాన్నగారు ఈ పాదం ఎందుకు రాసుకుని ఉంటారు? నా వ్యాసంలో ఎమర్జెన్సీని ఏ మాటతో రాయాలో కూడా దీంతోనే తేలాలి.

అమరం అభిమాని:
అమ్మా, ఇది కౌటిల్యుడిది. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో రాజు దినచర్య చెప్పే చోట వస్తుంది. "సర్వమాత్యయికం కార్యం శృణుయాన్నాతిపాతయేత్". దీర్ఘమే, సందేహం లేదు. అత్యయ శబ్దం వినయాది గణంలో, అంటే ‘వినయ’తో మొదలయ్యే వ్యాకరణ పదాల జాబితాలో, ఉంది. ‘ఇక’ అని చేరే ఠక్ ప్రత్యయం వస్తే ఆదివృద్ధి, అంటే మాటలో మొదటి అచ్చు పెరగడం, తప్పదు. వినయం వైనయికం అయినట్టే అత్యయం ఆత్యయికం అవుతుంది. పత్రికలు ఎమర్జెన్సీని యాభై ఏళ్లుగా ‘అత్యయిక పరిస్థితి’ అని రాస్తున్నాయంటే యాభై ఏళ్లుగా తప్పు రాస్తున్నాయని అర్థం.

డెస్కు మనిషి:
అయ్యా, ఆ తప్పులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి సమాధానం చెప్పాలి. నేను ఒక దినపత్రిక డెస్కులో చేరింది 1981లో. మొదటి నెలలోనే ‘ఆత్యయిక’ అని రాసి పంపాను. మా ముఖ్య ఉపసంపాదకులు ఎర్ర పెన్నుతో ఆ ‘ఆ’ను కొట్టేసి ‘అ’ చేశారు. ప్రూఫులో మళ్లీ దిద్దబోతే చెయ్యి పట్టుకుని, "అధికారిక అని రాస్తావు కదా, ఆధికారిక అని రాయవు కదా?" అన్నారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అధికార శబ్దానికీ అదే ప్రత్యయం వస్తే ఆధికారికమే కావాలి. అయినా మన రాష్ట్రంలో ఏ కార్యాలయంలోనైనా, ఏ పత్రికలోనైనా ‘అధికారికంగా’ అనే రాస్తారు. అది తెలుగైపోయింది. అత్యయిక కూడా అంతే.

అమరం అభిమాని:
అలా అయితే ఆర్థికాన్ని అర్థికమనీ, సామాజికాన్ని సమాజికమనీ ఎందుకు రాయలేదు మీరు? ఆధ్యాత్మికానికి దీర్ఘం ఎందుకు ఉంచారు? నియమం ఒక మాటకు పెట్టి ఇంకో మాటకు తీసేస్తే అది వాడుక కాదు, అజాగ్రత్త.

డెస్కు మనిషి:
దానికి నాదొక ఊహ ఉంది. అత్యంత, అత్యధిక, అత్యవసర, అత్యాచార. ఇన్ని మాటలు ‘అత్య’తో మొదలై చెవిలో పాతుకుపోయాయి. వాటి పొరుగున కొత్తగా దిగిన మాట కాబట్టి ‘అత్యయిక’ కూడా వాటి ఒరవడిలోనే పడింది. ముఖ్యంగా ‘అత్యవసర పరిస్థితి’ పక్కనే ఉంది కదా, ఆ మాటే దీని దీర్ఘాన్ని మింగింది. ఆర్థికానికి అలాంటి పొరుగు లేదు.

ఛందస్సు చదువరి:
ఇద్దరూ వ్యాకరణం చెబుతున్నారు గానీ ఇది పద్యం. పాదానికి ఎనిమిది అక్షరాల అనుష్టుప్పు. గణం వేసి చూద్దామని కూర్చున్నాను. ‘సర్వమాత్యయికం కార్యం’లో మూడో అక్షరం తర్వాత ‘త్య’ సంయుక్తం ఉంది. కాబట్టి ‘మా’ రాసినా గురువే, ‘మ’ రాసినా గురువే. అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, రెండు పాఠాల్లోనూ కుదురుతాయి. ఛందస్సు ఈ తగవు తీర్చదు. పురుగు తినడానికి ఎంచుకున్న చోటు అలాంటిది.

పలుకుబడి:
ఈ తగవు మొదలైన చోటికి మనం రావాలి. నాన్నగారు పుటలో రాసుకున్నది జైపాల్ రెడ్డి గారి గురించి. 1975 జూన్ 25 రాత్రి ప్రకటించినదాన్ని దేశమంతా ఎమర్జెన్సీ అనే పిలిచింది. కూరగాయలమ్మే మనిషి కూడా ఎమర్జెన్సీ అనే అన్నది. ఆ మాటలో భయం ఉంది. ‘ఆత్యయిక’లో లేదు. ‘అత్యవసర’లో అయితే మరీ లేదు. అవసరం అంటే తెలుగులో అక్కర. అత్యవసర పరిస్థితి అంటే ఎవరికి అంత అక్కర? జైలుకు పోయినవారికా? ఈ విషయంలో నాకు కాళోజీ దారే దారి. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నారు ఆయన. వినయాది గణం బడి పలుకు. ఎమర్జెన్సీ పలుకుబడి.

అమరం అభిమాని:
కాళోజీ మీద నాకూ గౌరవమే. కానీ ఒక మాటలో ఉన్న లోతు చూడకుండా పక్కన పెట్టకండి. అత్యయ శబ్దానికి అమరకోశంలో అమరసింహుడు ఏమి చెప్పాడు? "అత్యయోఽతిక్రమే కృచ్ఛ్రే దోషే దండేఽపి". అతిక్రమం, కష్టం, దోషం, దండన. మరో వర్గంలో మరణ పర్యాయాల్లోనూ చేర్చాడు. ఆ ఇరవై ఒక్క నెలల్లో ఈ దేశం చూసినవన్నీ ఆ ఒక్క శబ్దంలో ఉన్నాయి. హద్దు దాటడం ఉంది, దండించడం ఉంది. ఎమర్జెన్సీ అనే మాటలో ఇది ఎక్కడ?

పలుకుబడి:
నిజమే, ఆ నాలుగు అర్థాలూ నాకు ఇప్పుడే తెలిశాయి, నమస్కారం. కాళోజీ గారు మాత్రం ఆ నాలుగింటినీ ‘అన్యాయం’ అనే ఒక్క మాటతో చెప్పారు. అన్యాయాన్ని ఎదిరించినవాడే తనకు ఆరాధ్యుడన్నారు. ఆయన కూడా 1958 నుంచి 1960 వరకు శాసనమండలి సభ్యులని ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? నిజాం కాలంలో జైలుకు వెళ్లిన మనిషి, ఎమర్జెన్సీ కాలంలోనూ నోరు మూసుకోలేదు. రాజ్యం పేరు మారినా ఆయన గొడవ మారలేదు. సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసింది ఊరికే కాదు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మెట్లెక్కినప్పుడల్లా నేను ముందు ఆయన కవితల పుస్తకం ‘నా గొడవ’ అడుగుతాను. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఏ పుట తెరిచినా ఎవరో ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. దాన్ని చదవడానికి నిఘంటువు తెరవాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

కోర్టు గుమాస్తా:
అర్థాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మాట వదులుగా ఉంటే ఏమవుతుందో ఎమర్జెన్సీ ప్రకటనకు వీలిచ్చే రాజ్యాంగం 352వ అధికరణమే సాక్ష్యం. 1975లో దాన్ని ప్రయోగించడానికి దొరికిన పదం ‘అంతర్గత కల్లోలం’. కల్లోలమంటే ఏమిటో ఎవరు నిర్ణయించాలి? ప్రకటించేవారే. అందుకే 1978లో 44వ సవరణ ఆ మాట తీసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టింది. ఒక్క పదబంధం మారితే ఎంత తలుపు మూసుకుందో చూడండి. మీరు ఒక దీర్ఘం కోసం ఇంతసేపు వాదిస్తుంటే నాకు విసుగు రాకపోవడానికి కారణం అదే.

పాలమూరు పాఠకుడు:
పాఠకురాలి గారికి: మీ వ్యాసంలో ఆయన పదవుల పట్టిక పెట్టి ముగించకండి. నాలుగు సార్లు శాసనసభ, అయిదు సార్లు లోక్‌సభ, రెండు విడతలు రాజ్యసభ, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం. ఇవి ఎవరైనా రాస్తారు. తన పార్టీయే తెచ్చిన ఎమర్జెన్సీని వ్యతిరేకించి అధికార పక్షం నుంచి బయటికి నడిచిన శాసనసభ్యుడు ఆయన. 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీదే నిలబడ్డారు. ఓడిపోతానని తెలియక కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చి, ఊతకర్రల మీద ఎండల్లో ఊరూరూ తిరిగిన మనిషి.

డెస్కు మనిషి:
1999లో మళ్లీ కాంగ్రెస్‌కే వెళ్లారు కదా. అది కూడా రాయాలి.

పాలమూరు పాఠకుడు:
రాయాలి, దాచేదేముంది? కానీ దాని పక్కనే 1997 కూడా రాయాలి. ఎమర్జెన్సీలో ఆకాశవాణి ప్రభుత్వం గొంతుగా మారింది. ఆ తర్వాత 1990లోనే ప్రసార భారతి చట్టం చేశారు, చేసి ఏడేళ్లు పక్కన పెట్టారు. గుజ్రాల్ మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖ జైపాల్ రెడ్డి గారికి వచ్చాక 1997లో అది అమల్లోకి వచ్చింది. నాకు ఆయన ఇరవై ఏళ్ల మాటకు ఇదే ముగింపులా కనిపిస్తుంది. తెలంగాణ విషయంలోనూ అంతే, కేంద్ర మంత్రిగా ఉండి లోపలి నుంచి ఒత్తిడి తెచ్చారు.

ఛందస్సు చదువరి:
‘ప్రసార భారతి’ అన్నారు, సంతోషం. హిందీ వాసనతో ‘ప్రసార్ భారతి’ అని పొల్లు పెట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

డెస్కు మనిషి:
పొల్లుతోనే వాడుకలో ఉంది. సంస్థ పేరు సంస్థ పలికినట్టు రాయాలి.

అమరం అభిమాని:
సమాసంలో పొల్లు ఎలా వస్తుంది? దీని మీద వేరే చర్చ పెట్టండి, నేను సిద్ధం. పేరు పెట్టడం తెలిసినవారు ఎలా పెడతారో చెబుతాను. 1974లో అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు వావిలాల గోపాలకృష్ణయ్య గారు. సత్తెనపల్లి నుంచి నాలుగు సార్లు సభకు వచ్చిన మనిషి. అధికారికమా, ఆధికారికమా అనే పేచీ లేకుండా ‘అధికార భాష’ అని సమాసంగా ఉంది చూడండి. దీర్ఘం గొడవే లేదు.

కోర్టు గుమాస్తా:
ఆ లెక్కన ‘అత్యయ పరిస్థితి’ అనవచ్చు. అందరికీ సమ్మతమే కావాలి.

అమరం అభిమాని:
అనవచ్చు. కానీ ఎవరూ అనలేదు.

నల్లకుంట పాఠకురాలు:
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. నా రెండో ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. నాన్నగారు ఆ పాదం అక్కడ ఎందుకు రాసుకున్నారు? అత్యవసరమైన పని ఆలస్యం చేయకూడదని పాలకులు చెప్పుకునే సమర్థనగానా, లేక ఎదురు ప్రశ్నగానా? అర్థశాస్త్రంలో దాని ముందూ వెనకా ఏముంది?

అమరం అభిమాని:
అమ్మా, మంచి ప్రశ్న, మొదటే చెప్పాల్సింది. దానికి ముందు కౌటిల్యుడు చెప్పేది కొలువు గురించి. పనిమీద వచ్చినవారిని రాజు ద్వారం దగ్గర ఆపించకూడదు. ఆ తర్వాత ఈ శ్లోకం. ఆత్యయికమైన ప్రతి పనినీ వినాలి, దాటవేయకూడదు. దాటిపోయిన పని కష్టసాధ్యమో అసాధ్యమో అవుతుంది.

పలుకుబడి:
‘వినాలి’ అనా? శ్లోకంలో క్రియ ‘వినాలి’ అనేనా?

అమరం అభిమాని:
శృణుయాత్. వినవలెను.

పలుకుబడి:
అయితే అమ్మా, మీ నాన్నగారు ఎందుకు రాసుకున్నారో నాకు అర్థమైనట్టే ఉంది. ఆత్యయికం వచ్చినప్పుడు రాజు తలుపు తెరిచి వినాలని పాత పుస్తకం చెప్పింది. 1975లో అదే పేరుతో పత్రికల మీద సెన్సారు పెట్టి, మాట్లాడినవారిని లోపల వేశారు. వినమని చెప్పిన శ్లోకాన్ని, వినిపించినందుకు పార్టీ వదులుకోవాల్సి వచ్చిన మనిషి పేరు కింద ఆయన రాశారు. దీర్ఘం ఉన్నా లేకున్నా.

డెస్కు మనిషి:
ఇది బాగుంది గానీ ఊహ. 1977లో ఆయన చేతిలో అర్థశాస్త్రం ఉందో, ఏ వ్యాసంలోనైనా ఆ ఒక్క పాదమే చూశారో మనకు ఎలా తెలుస్తుంది? పుస్తకంలో ఇంకెక్కడైనా ఆ మాట ఉందేమో వెతకండి.

నల్లకుంట పాఠకురాలు:
రాత్రంతా భూతద్దంతో చూశాను. మిగిలిన నలభై పుటల్లో ఎక్కడా అత్యయికమూ లేదు, ఆత్యయికమూ లేదు, అత్యవసరమూ లేదు. అన్ని చోట్లా ‘ఎమర్జెన్సీ’ అనే రాశారు. ఆకుపచ్చ సిరా కూడా ఆ ఒక్క చోటే ఉంది. అలుక్కుపోయిన రెండో పాదంలో మొదటి అక్షరం మాత్రం కిటికీ దగ్గర వెలుతురులో పెడితే కనిపించింది.

అమరం అభిమాని:
‘శృ’నే కదా? ఋత్వం ఉందా?

నల్లకుంట పాఠకురాలు:
లేదండీ. శకారం కింద క్రావడి, పైన కొమ్ము. ‘శ్రు’ అని ఉంది.

అమరం అభిమాని:
అది తప్పు. సంచికలో వేసేటప్పుడు దిద్ది వేయండి.

పలుకుబడి:
దిద్దకండి అమ్మా. ఆయన ఎలా రాశారో అలాగే వేయండి. చిల్లు ఉన్న చోట చిల్లు వదలండి.