క్లమీడియా అని తేలింది, భార్య హన్మకొండలో ఉంది, ఎలా చెప్పాలి?

అడిగినవారు (లెస్టర్, పేరు వద్దన్నారు)
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. జనవరిలో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చాను. పెళ్లయి ఏడాదిన్నర. మా ఆవిడ హన్మకొండలో మా అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. ఇక్కడికి వచ్చాక ఇద్దరితో తప్పు చేశాను, దానికి తిట్టవద్దు, నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. పోస్టులో వచ్చిన కిట్‌తో మూత్ర పరీక్ష చేయించుకుంటే క్లమీడియా (శృంగారం ద్వారా సోకే జబ్బు) అని తేలింది. నాకు ఏ బాధా లేదు. క్లినిక్‌లో ఒకామె మందులిచ్చి, గత ఆరు నెలల్లో ఎవరెవరితో ఉన్నావని అడిగింది. ఇది వీసా దాకా వెళుతుందా? ఇంటికి ఉత్తరం వస్తుందా? వచ్చే వారం ఊరికి వెళ్లే మిత్రుడితో ఆవిడకూ మాత్రలు పంపిస్తే సరిపోతుందా?

కాజీపేట వాడిని (బర్మింగ్‌హామ్)
తమ్ముడూ, వీసా భయం వదిలేయి. ఆ క్లినిక్ కాగితాలు నువ్వు ఒప్పుకోనిదే నీ జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకు) కూడా వెళ్లవు. పరీక్ష, మందు ఉచితం, వీసా ఏదైనా సరే. నా సంగతి విను. మూడేళ్ల క్రితం నాకొక మెసేజ్ వచ్చింది: మీకు ఒక ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు, వచ్చి పరీక్ష చేయించుకోండి అని. లాటరీ మోసం లాంటిదే అనుకుని తీసేశాను. మళ్లీ ఫోను వస్తేగానీ వెళ్లలేదు, ఈలోగా నెలన్నర గడిచిపోయింది. నిజమైన క్లినిక్ డబ్బు అడగదు, బ్యాంకు వివరాలు అడగదు. నువ్వు నంబరు ఇస్తే ఆ ఇద్దరికీ అలాంటి కబురే వెళుతుంది.

జనగామ అక్క (మాంచెస్టర్, క్లినిక్ నర్సు)
నిన్ను అడిగినామెను హెల్త్ అడ్వైజర్ అంటారు. పోలీసు కాదు, పురోహితురాలూ కాదు. భాగస్వాములకు నువ్వే చెప్పవచ్చు, లేదా నీ పేరు బయటపెట్టకుండా వాళ్లే చెబుతారు. నేను చెబుతాను, వారంలోగా చెప్పకపోతే మీరు చెప్పండి అని గడువు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. ఇక్కడి ఇద్దరి విషయం వాళ్లకు అప్పగించు.

ఆరు నెలలు ఎందుకంటావా? మూత్రంలో మంట, చీము ఉన్న మగవాళ్లకైతే లక్షణాలు మొదలయ్యే ముందు నాలుగు వారాల లెక్క సరిపోతుంది. నీకు లక్షణాలే లేవు, ఎప్పుడు సోకిందో తెలియదు. ఇది మే నెల, నువ్వు జనవరి దాకా ఇంట్లోనే ఉన్నావు. అంటే మీ ఆవిడ ఈ లెక్కలోకి వస్తుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. కాబట్టి ఆమెకు ఉంటే ఆమెదే తప్పనే ఆలోచన దగ్గరికి కూడా పోవద్దు.

పేరు చెప్పరు అన్నది ఇక్కడి వాళ్లకు పనికొస్తుంది. మీ ఆవిడకు ఉన్నది నువ్వొక్కడివే. ఎవరు చెప్పినా ఆమెకు అర్థమయ్యేది నీ పేరే. నువ్వే చెప్పాలి.

నీ మాత్రలు డాక్సీసైక్లిన్ అయితే రోజుకు రెండు పూటలా ఏడు రోజులు. గ్లాసెడు నీళ్లతో నిలబడి వేసుకో, పడుకునే ముందు వేసుకుంటే గొంతులో ఆగి కాలుతుంది. అవి మాత్రం మిత్రుడి చేతికి ఇవ్వకు. ఆమె గర్భవతి అయితే ఆ మందు ఇవ్వరు, అజిత్రోమైసిన్ ఇస్తారు. ఆమె నెలసరి తేదీ సూట్‌కేసు మోసుకెళ్లే మిత్రుడికి తెలుస్తుందా?

వరంగల్ నుంచి ఒక మాట (లండన్‌లో ఆరేళ్లు ఉండి తిరిగి వచ్చాను)
నేను కొన్నాళ్లు ఇక్కడ కౌన్సెలర్‌గా పనిచేశాను. ఒక ఇంటాయన భార్యకు 'నొప్పుల మాత్రలు' అని చెప్పి మందు ఇప్పించాడు. రెండు పూటలు వేసుకుని, నొప్పి లేదు కదా అని ఆమె మానేసింది. మిగతావి అలమారలో దొరికాయి.

నా రోజుల్లో సుఖవ్యాధులు చూసే సర్కారు సురక్ష క్లినిక్‌లలో లక్షణాలను బట్టే రంగు రంగుల మందుల కిట్లు ఇచ్చేవాళ్లు. బూడిద రంగు దాంట్లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉండేవి. ఆడవాళ్లలో చాలామందికి ఈ జబ్బుకు లక్షణాలే ఉండవు. ఏ బాధా లేని మనిషి వెళ్లి ఏమని అడుగుతుంది? భర్తకు క్లమీడియా అని ఆమె నోటితో చెబితేనే డాక్టరు మందు రాస్తాడు. అందుకే మాత్రలు కాదు, జబ్బు పేరు పంపు. క్లినిక్ ఇచ్చే చీటీకి ఫొటో తీసి పెట్టు. ప్రైవేటు ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయించవచ్చు, ఎంజీఎం సర్కారు ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయమను, డబ్బులు పడవు. ఇద్దరూ హెచ్ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు కూడా చేయించుకోండి.

వదిలేస్తే గర్భసంచి నాళాలు మూసుకుపోవచ్చు. అప్పుడు పిల్లలు కాలేదని మన దగ్గర ఎవరిని అంటారో నీకు తెలుసు.

ఫోను ఎప్పుడు చేస్తున్నావు? మీ అమ్మానాన్నలు చుట్టూ కూర్చుని స్పీకర్ పెట్టి మాట్లాడే వేళ అయితే వద్దు. ఆమె ఒంటరిగా ఉండే గంట చూసుకో.

అడిగినవారు
ఆదివారం భద్రకాళి చెరువు గట్టు మీదికి వెళ్లమని చెప్పి మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను పెట్టేసింది. రెండు రోజులు ఎత్తలేదు. నిన్న ఒక్క మెసేజ్ వచ్చింది: 'ఆ పరీక్షకు పరగడుపున వెళ్లాలా?'

జనగామ అక్క
అక్కర్లేదు, తిని వెళ్లమను. మూత్రం అడిగితే మాత్రం గంట ముందు నుంచి ఆపుకోవాలి. నువ్వు ఏడు రోజుల మందు పూర్తి చేశావా?