అప్‌డేట్: నాన్న కుడిచేతికి ఈఈజీ టోపీ థెరపీ

పక్షవాతం వచ్చి ఏడాది దాటినా నాన్న కుడిచేతి గుప్పిట విచ్చుకోవడం లేదు, మెదడు సంకేతాలతో నడిచే మెషిన్ పనికొస్తుందా, తలకి ఆపరేషన్ చేయాలా అని అడిగాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.

ఆపరేషన్ అక్కర్లేదు. తలకి ఈఈజీ టోపీ (మెదడు విద్యుత్ సంకేతాలను పైనుంచే పట్టేది) పెట్టి, దానిలోని ఒక్కో ఎలక్ట్రోడ్ కింద జెల్ వేస్తారు (తర్వాత తలస్నానం తప్పదు). "చెయ్యి తెరుస్తున్నట్టు అనుకోండి సార్" అంటారు థెరపిస్టు. ఆ ప్రయత్నం సిగ్నల్‌లో కనపడగానే ముంజేతి కండరాలకి చిన్న కరెంటు వెళ్లి వేళ్లు విచ్చుకుంటాయి. అనుకోవడం, కదలడం వెంటవెంటనే జరగాలి. అప్పుడే మెదడు రెండింటినీ కలిపి నేర్చుకుంటుంది.

ఇప్పుడు నాన్న స్టీలు గ్లాసు పట్టుకుంటున్నారు. వదలడమే ఇంకా కష్టం, బొటనవేలు బిగుసుకుపోతుంది. ఫలితమంతా మెషిన్‌దే అనను, ఫిజియోథెరపీ రోజూ చేయిస్తున్నాం.

ఆరు నెలలు దాటితే ఇక లాభం లేదని మాకూ చాలామంది చెప్పారు. కానీ అమెరికాలో 2021లో ఎఫ్‌డీఏ (అక్కడ మందులు, వైద్య పరికరాలకి అనుమతిచ్చే సంస్థ) అనుమతి పొందిన ఇప్సీహ్యాండ్ అనే చేతి పరికరం ఉద్దేశించిందే స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన పెద్దవాళ్లకి. అది దెబ్బతినని వైపు మెదడు సంకేతాలు తీసుకుంటుంది. మన ఐఐటీ కాన్పూర్ వాళ్లు కూడా ఇలాంటి చేతి పరికరం తయారుచేశారు. మీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి.