గుమ్మడికాయల దొంగ భుజాలే ఎందుకు తడుముకున్నాడు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను చూస్తున్న ఒక మిస్టరీ సీరియల్ తాజా ఎపిసోడ్ మీద అభిమానుల మధ్య పెద్ద రభస నడుస్తోంది. కథంతా చెప్పను, చూడనివాళ్ళు తిట్టుకుంటారు. ఒక్క సీను మాత్రం చెప్పక తప్పదు. ఇన్‌స్పెక్టర్ ఇంట్లోవాళ్ళందర్నీ హాల్లో కూర్చోబెట్టి "మీలో ఒకరు నాతో అబద్ధమాడారు" అంటాడు. వెంటనే పెద్దకోడలి చేతిలోంచి గ్లాసు జారి పడుతుంది. ఎపిసోడ్ అక్కడితో అయిపోయింది. ఇక ఎక్కడ చూసినా "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అంటూ తీర్పులే తీర్పులు. సామెత ఇక్కడ కుదిరిందంటారా? నాకెందుకో తేడా కొడుతోంది. ఎక్కడన్నది మాత్రం పట్టుకోలేకపోతున్నాను.

జవాబు:
మీకు తేడా కొట్టడం సబబే. ఆ సామెతను చాలామంది "తప్పు చేసినవాడు భయపడతాడు" అన్నంత వరకు కుదించేశారు. అంతే చెప్పదలిస్తే ఉలిక్కిపడ్డాడు, తత్తరపడ్డాడు, మొహం పాలిపోయింది అంటే సరిపోతుంది. గుమ్మడికాయలెందుకు, భుజాలెందుకు?

బూడిద గుమ్మడికాయ తెలుసు కదా. పండిన కాయ మీద తెల్లటి పొడి ఉంటుంది, తగిలితే చాలు అంటుకుంటుంది. దొంగ కాయల్ని రాత్రి భుజాన వేసుకుని మోసుకుపోయాడు. తెల్లారాక పదిమందిలో ఎవరో గుమ్మడికాయల దొంగ మాట ఎత్తారు. పేరు చెప్పలేదు, భుజం ఊసే లేదు. అయినా వాడి చెయ్యి తిన్నగా భుజం మీదికి పోయింది. అక్కడే పొడి అంటి ఉంటుందని వాడికి మాత్రమే తెలుసు కాబట్టి. అంటే వాణ్ణి పట్టించింది భయం కాదు, వాడికి తెలిసిన సంగతి. దొంగ వణికాడనో, పారిపోయాడనో సామెత చెప్పలేదు చూడండి.

క్రియను కూడా గమనించండి. "తుడుచుకున్నట్టు" అనలేదు, "తడుముకున్నట్టు" అన్నారు. తుడుచుకుంటే మరక కనిపించిందని, దాన్ని మాయం చేస్తున్నాడని అర్థం. తడుముకోవడమంటే ఉందో లేదో చేత్తో చూసుకోవడం. నిజానికి అక్కడ పొడి లేకపోయినా వాడు దొరికిపోయేవాడే. ఒక్క క్రియతో నేరపరిశోధన అంతా తేల్చేశారు, ఆ సామెత కట్టినవాళ్ళెవరో గాని.

గ్లాసు జారడంలో ఇలాంటిదేమీ లేదు. పెద్దకోడలు భయపడిందని తెలుస్తోంది, అంతే. అదే ఇన్‌స్పెక్టర్ "ఒక ఉత్తరం దొరికింది" అని ఊరుకుంటే, ఆవిడ "ఆ నీలం కవరులోదా?" అని నోరు జారి ఉంటే అప్పుడు ఈ సామెత నిక్షేపంగా వాడుకోవచ్చు.

మరొకరు:
మా అమ్మమ్మ చెప్పిన కథ కాస్త వేరు. అందులో పెద్దమనిషి "దొంగ భుజాల మీద ఇంకా బూడిద ఉంది" అని పైకే అంటాడు. అప్పుడు తడుముకుంటాడు దొంగ.

జవాబు:
ఆ కథ నేనూ విన్నాను. వల పన్ని పట్టినట్టు రసవత్తరంగానే ఉంటుంది. కానీ భుజం పేరు ఎత్తిన తర్వాత పాపం ఏ తప్పూ ఎరగనివాడు కూడా ఒకసారి తన భుజం వంక చూసుకుంటాడు. "నీ చొక్కాకి ఏదో అంటింది" అంటే చూసుకోనివాళ్ళుంటారా? సామెత పాఠంలో మాత్రం "దొంగ అంటే" అని ఉంది, భుజం మాట దొంగ వైపు నుంచే వచ్చింది. అందుకే నా ఓటు మొదటి కథకి.

ఈ కిటుకునే లై డిటెక్టర్ పరీక్షల్లో వాడుకున్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ లికెన్ 1959లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. "దొంగతనం చేశావా?" అని అడిగితే అమాయకుడికీ చెమటలు పడతాయి. అలా కాకుండా పోయిన వస్తువు ఉంగరమా, గొలుసా, గడియారమా, పెన్నా అని వరసగా చదువుతారు. సంగతి ఎరగనివాడికి అన్నీ ఒకటే. తీసినవాడి ఒంట్లో మాత్రం అసలు వస్తువు దగ్గర మార్పు కనిపిస్తుంది. జపాన్ పోలీసులు ఈ తరహా పరీక్షను బాగా వాడతారు. గ్లాసు జారడాన్ని నేరానికి రుజువుగా చూపించే రచయితలు దీన్ని ఒకసారి చదివితే బాగుండును.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, ముడి వీడింది. మరి మిగతా థియరీలకు ఏ సామెతలు నప్పుతాయి? సరదాకే అడుగుతున్నాను. కేసు పెట్టిన చిన్నమామే హంతకుడని కొందరు, ఇంటిల్లిపాదీ కలిసి చేశారని ఇంకొందరు.

జవాబు:
చిన్నమామ థియరీకి "దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు" ఉండనే ఉంది. మిస్టరీలు చూసి చూసి ఆరితేరినవాళ్ళు మొదట అనుమానించేది ఫిర్యాదు చేసినవాణ్ణే. ఇక అందరూ కలిసి చేశారంటే తిలాపాపం తలా పిడికెడు. ఈ థియరీ నాకు నచ్చదు. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు చివరికి వెళ్ళి వాలే కొమ్మ అది.

ఇంకొకరు:
మీరంతా దొంగను పట్టే సామెతలే చెబుతున్నారు. నేరం నా మీదే వేసుకుంటానని జనం ఎగబడిన సందర్భం కూడా ఉంది. అమెరికాలో డల్లాస్ సీరియల్ 1980 మార్చి 21న జే.ఆర్. అనే పాత్రను ఎవరో కాల్చడంతో ఆగింది. కాల్చిందెవరో తెర మీద చూపించలేదు. నటుల సమ్మె కూడా తోడవడంతో జవాబు నవంబర్ 21 దాకా రాలేదు. ఆ ఎనిమిది నెలలూ ఎక్కడ చూసినా ఇదే చర్చ, పందేలు కూడా కాశారు. "జే.ఆర్.ను కాల్చింది నేనే" అని రాసిన టీషర్టులు వేసుకుని తిరిగారు! సెట్‌లో గుట్టు రట్టు కాకుండా వేర్వేరు నటులు కాల్చినట్టు తీసి పెట్టుకున్నారట. చివరికి జవాబు వచ్చిన రాత్రి ఒక్క అమెరికాలోనే సుమారు 8 కోట్ల 30 లక్షల మంది చూశారు. దీనికి సామెత చెప్పండి చూద్దాం.

జవాబు:
టీషర్టులకు సామెత నా దగ్గర లేదు. ఓడిపోయాను అనుకోండి.

మరొకరు:
నాకో అభ్యంతరం ఉంది. గుమ్మడికాయలు డబ్బిచ్చి కొనుక్కుని మోసుకొచ్చినవాడి భుజానికీ బూడిద అంటుతుంది కదా? వాడూ తడుముకుంటాడు. మరి వాణ్ణి కూడా దొంగ అనేద్దామా?

జవాబు:
ఈ చర్చలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. అవును, సామెతకున్న లొసుగు అదే. సంగతి తెలిసి ఉండటం వేరు, నేరం చేసి ఉండటం వేరు. నీలం కవరు ఆవిడకు తెలుసంటే ఆవిడే రాసిందని కాదు. ఇంకొకరి చేతిలో చూసి ఉండొచ్చు, గదిలో బల్ల మీద కనిపించి ఉండొచ్చు, ఎవరినో కాపాడటానికి నోరు మూసుకుని ఉండొచ్చు. మిస్టరీ రాసేవాళ్ళు బతికేది ఈ సందులోనే. మనకు సామెత తెలుసని వాళ్ళకూ తెలుసు. అందుకని ఇంకేదో చిన్న తప్పు చేసినవాళ్ళను పట్టుకొచ్చి మన ముందు నిలబెట్టి, బాగా భుజాలు తడుముకోమంటారు. ఇంగ్లీషు వాళ్ళు రెడ్ హెరింగ్ అనే దాన్ని మనం తప్పుడు జాడ అనుకోవచ్చు. నాలుగైదు ఎపిసోడ్లు ఆ జాడ వెంట తిరిగాక తెలుస్తుంది, ఆవిడ దొంగే గాని ఈ గుమ్మడికాయలకు కాదని.

ప్రశ్న అడిగినవారు:
అయితే పెద్దకోడలు బయటపడ్డట్టేనా? ఇంతకీ మీ అనుమానం ఎవరి మీద? మీరూ చూస్తున్నట్టున్నారు.

జవాబు:
చూస్తున్నాను, దాచేదేముంది. పెద్దకోడలు ఏదో దాస్తోంది. అది డబ్బు సంగతి అయి ఉంటుంది, హత్య కాదు. నా అనుమానం ఆవిడ మరిది మీద. మూడో ఎపిసోడ్‌లో అతని చేతి గడియారం మాయమైంది. ఖరీదైన గడియారమని అంతకుముందు భార్య చేత చెప్పించారు కూడా. అయినా అతను వెతకలేదు, పనివాళ్ళను అడగలేదు, పోలీసులు ఇంట్లోనే తిరుగుతున్నా వాళ్ళకు చెప్పలేదు. పోయిందంటే ఎక్కడ పోయిందో చెప్పాలి మరి. ఇది భుజాలు తడుముకోవడం కాదు, దొంగకు తేలు కుట్టినట్టు. కుట్టినా కిక్కురుమనడానికి లేదు. గ్లాసు వైపు చూస్తూ మనమందరం ఆ ఖాళీ మణికట్టును వదిలేశాం. వచ్చే ఎపిసోడ్‌లో గడియారం తోటలో దొరకకపోతే నన్ను అడగండి.