డబ్ల్యూపీ ఇంజన్ గీత: తాత చెప్పిన ఎరుపా, ఫోటోలోని నలుపా?

హన్మకొండ పోరడు:
మా తాత 1965లో కాజీపేట షెడ్డులో చేరాడు, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశాడు. ఆయన కోసం 1:87 సైజులో డబ్ల్యూపీ (ప్యాసింజర్ బండ్లు లాగిన ఆవిరి ఇంజన్) మోడల్ చేస్తున్నా. ఒళ్లంతా నలుపు కొట్టేశా, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) మీది గీత దగ్గర ఆగిపోయా. తాత ఎరుపంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో అది నల్లగా ఉంది. ఎవరి మాట వినాలి?

రివెట్ల లెక్క:
ఫోటో మాటే. మనిషి మర్చిపోతాడు, ఫిల్మ్ మర్చిపోదు.

బొగ్గు తట్ట:
అక్కడే పొరపాటు పడ్డావన్నా. అలాంటి ఫోటోలో ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఒకేలా కనబడతాయి. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ అయితే ఎరుపును అసలు పట్టదు, నల్లగా చూపిస్తుంది. తాత మొదట్లో ఇంజన్ క్లీనర్‌గా చేసుంటే ఆ గీతను నూనె గుడ్డతో రోజూ తుడిచినవాడే. రంగుకు ఆయన్నే నమ్ముతా. తమ్ముడూ, ఫోటోలో ఇంజన్ మీద రైల్వే పేరు అక్షరాలు చూడు. కాజీపేట 1951 నవంబర్ 5 దాకా నిజాం రైల్వేలో ఉండేది, ఆ తర్వాత సెంట్రల్ రైల్వే జోన్, 1966 అక్టోబర్ 2 నుంచి సౌత్ సెంట్రల్. తాత చేరిన ఏడాది ఇంజనంటూ సౌత్ సెంట్రల్ అక్షరాలు రాస్తే మాత్రం నవ్వుతారు.

రివెట్ల లెక్క:
ఫిల్మ్ సంగతి ఒప్పుకున్నా. తేదీల సంగతి ఒప్పుకోను. జోన్ మారిన రోజే షెడ్డులో అందరూ బ్రష్‌లు పట్టుకుని నిలబడ్డారా? వర్క్‌షాప్‌లో మళ్లీ రంగు పడేదాకా పాత అక్షరాలతోనే తిరిగే ఇంజన్లు ఉంటాయి.

బొగ్గు తట్ట:
కొత్త జోన్‌లో పాత అక్షరాలు ఉండొచ్చు. పుట్టని జోన్ అక్షరాలు ఎలా ఉంటాయన్నా?

పట్టాల పక్కోడు:
గీతకే ఇంత టెన్షనా! మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 1:87లో అది 19.3 దాకా రావాలి. మీ మోడల్ ఇంజన్లన్నీ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే కదా నడుస్తున్నాయి?

హన్మకొండ పోరడు:
పట్టాల మాట తాతకు చెప్పకండి, ప్లీజ్. ఎరుపే వేస్తున్నా. అక్షరాల కోసం భూతద్దం పెట్టి చూశా. సరిగ్గా వాటికి అడ్డంగా, నడుం మీద చేతులు పెట్టుకుని తాతే నిలబడ్డాడు.