మూడడుగుల నడవలో చెప్పులు, రెయిన్‌కోట్లు ఎక్కడ పెట్టుకోవాలి?

విజయనగరం కోట దగ్గర మాది పాత ఇల్లు. వీధి గుమ్మం దాటగానే మూడడుగుల వెడల్పు నడవ, పొడవు ఏడడుగులు. తలుపు లోపలికి తెరుచుకుని ఎడమ గోడను దాదాపు కప్పేస్తుంది. కుడి గోడకి కరెంటు మీటరు, దాని కింద చెప్పుల గుట్ట. వానాకాలం వస్తే రెయిన్‌కోట్లు, గొడుగులు, హెల్మెట్లు కూడా అక్కడే. తడి రెయిన్‌కోటు తలుపు గొళ్లేనికి తగిలిస్తే ఆ నీళ్లన్నీ పిల్లల స్కూలు బూట్లలోకే కారతాయి.

బజారులో చూసిన చెప్పుల స్టాండ్లన్నీ అడుగు లోతు. అవి పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి, ఇక గ్యాస్ బండ లోపలికి వచ్చినట్టే! బూట్లు నిలువుగా పెట్టే, మూత ముందుకు వాలే రకమైతే ఏడెనిమిది అంగుళాల్లో సరిపోతుందంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి, పదో నంబరు బూట్లు అందులో పడతాయా?

అసలు టెన్షన్ గోడతోనే. సున్నంతో కట్టింది, డ్రిల్ పెడితే ప్లగ్గు నిలవక పొడి రాలుతుంది. కొక్కేలన్నీ ఒక చెక్కపట్టీకి బిగించి, ఆ పట్టీని పొడవాటి స్క్రూలతో ఇటుకలోకి దించమంటాడు మేస్త్రి. కార్పెంటరేమో గోడ జోలికే వద్దు, నేల మీద నిలబడే ఫ్రేము చేయిద్దామంటాడు. (ఇద్దర్నీ ఒకేసారి రప్పించడం నా వల్ల కాలేదు.) నాకు ఫ్రేమే నయమనిపిస్తోంది, కానీ తడి తగిలే చోట మామూలు ప్లైవుడ్ ఉబ్బిపోతుంది కదా. పీవీసీ బోర్డు హెల్మెట్ల బరువు మోస్తుందా, ఇనుప ఫ్రేముకి రంగు వేయించుకోవడమే మేలా? మీటరు రీడింగు కనపడాలి, అది కూడా చూసుకుని చెప్పండి.