ఆటిజం ఉన్న పెద్దల్లో ఆందోళన: నాకు ఒకలా, మా తమ్ముడికి ఇంకోలా ఎందుకు?

ప్రశ్న (వేకువ):
నాకు 34 ఏళ్లు. ఆటిజం ఉందని నిరుడే తేలింది. మా తమ్ముడికి ఆ సంగతి ఆరో ఏటనే తెలిసింది. ఆందోళన ఇద్దరికీ ఉంది కానీ, అది బయటపడే తీరులో పోలికే లేదు. పెళ్లింట్లో వాడు అరగంటకే చిరాకుపడి, ఒక్కోసారి గట్టిగా అరిచి, బయటికి వచ్చేస్తాడు. నేనైతే "ఎప్పుడొచ్చావమ్మా, భోజనాలయ్యాయా" అన్న పలకరింపులకు జవాబులను ఆటోలోనే వల్లెవేసుకుని వెళ్లి, నాలుగు గంటలు నవ్వుతూ కూర్చుని, ఇంటికి రాగానే పట్టుచీరతోనే బాత్‌రూంలో లైటు ఆర్పుకుని నేల మీద కూలబడతాను. మర్నాడంతా నోట మాట రాదు. పదేళ్లపాటు ఆందోళనకు మందులు రాసిన వైద్యులెవరూ దాని వెనుక ఏముందో అడగలేదు. ఈ తేడా ఆడ, మగ అన్నదాని వల్ల వచ్చిందా, లేక మా స్వభావాలే వేరా? పరిశోధనల సంగతి తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (తుంగభద్ర):
వేకువ గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టును. ఆటిజం ఉన్న పెద్దల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, వారిలో సుమారు 27 శాతం మందికి అప్పటికి ఆందోళన రుగ్మత ఉంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడినవారు 42 శాతం. స్త్రీలలో ఇది ఎక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే ఆటిజం లేనివారిలోనూ ఆందోళన స్త్రీలకే ఎక్కువ కనుక, ఆ తేడాలో ఆటిజం వాటా ఎంతో విడదీయడం కష్టం.

మీరు రాసినదానికి దగ్గరగా వచ్చేది మాస్కింగ్, అంటే తనలోని ఆటిజం లక్షణాలు ఎదుటివారికి కనబడకుండా కప్పిపుచ్చుకోవడం. దాన్ని కొలవడానికి క్యాట్-క్యూ అనే 25 వాక్యాల ప్రశ్నావళి ఉంది. అందులో ఆటిజం ఉన్న స్త్రీలకు, ఆటిజం ఉన్న పురుషులకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి; ఆటిజం లేని స్త్రీపురుషుల మధ్య అటువంటి తేడా కనబడలేదు. పైగా, మాస్కింగ్ ఎక్కువగా చేసేవారిలో ఆందోళన కూడా ఎక్కువగానే కనిపిస్తోంది.

మొదటినుంచీ ఆటిజం అనగానే మగపిల్లవాడే కళ్లముందు మెదిలేవాడు. 1943లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాస్తూ వర్ణించిన 11 మంది పిల్లల్లో 8 మంది అబ్బాయిలే. మన దేశంలో వైకల్య ధ్రువపత్రానికి వాడే ఐసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) కొలమానంలోని 40 అంశాలూ పైకి కనబడే ప్రవర్తన మీదే ఎక్కువగా ఆధారపడతాయి. మొత్తం 70కి లోపు వస్తే ఆటిజం లేదనే లెక్క. నాలుగు గంటలు నవ్వగలిగిన మనిషి అక్కడ ఎలా లెక్కకు వస్తుంది?

జవాబు (గడియారం):
తుంగభద్ర గారి మాటలతో నాకు పేచీ లేదు కానీ, మాస్కింగ్‌ను ఆడవాళ్ల ఖాతాలోనే వేయకండి. నేను మగవాణ్ణి, బ్యాంకు కౌంటరులో పనిచేస్తాను, రోజంతా చేసేది అదే. మగవాడు అరిస్తే "కోపిష్టి" అని సరిపెట్టుకునే ఊళ్లో పుట్టినందువల్ల, నా భయం కూడా కోపంగానే బయటికి వచ్చేది. కోపం ఎందుకని అడిగినవారే గాని, భయమా అని అడిగినవారు లేరు.

ఇంకొక మాట. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి అలెక్సితిమియా, అంటే తమలో కదిలే భావమేదో గుర్తుపట్టి పేరు పెట్టలేని స్థితి, ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పేరే తెలియని భావాన్ని అదుపు చేసుకోమంటే ఎలా? అందుకని నేను పాత డిపాజిట్ స్లిప్పుల వెనుక "భుజాలు బిగిశాయి", "చెవులు వేడెక్కాయి" అని ఒంటి సంగతి మాత్రం రాసుకుంటాను. రెండుసార్లు రాసిన రోజున మూడోసారి దాకా ఆగకుండా లేచి వెళ్లి, స్టోర్‌రూంలో పది నిమిషాలు కూర్చుని వస్తాను. మీ తమ్ముడి చేత కూడా రాయించి చూడండి.

జవాబు (వేకువ):
ఇద్దరికీ కృతజ్ఞతలు. పోయిన ఆదివారం వాడు వంటింట్లో గిన్నె విసిరేశాడు. అరవడానికి ముందు ఒంట్లో ఏమైందో రాయమని నిన్న చీటీ ఇచ్చాను. చాలాసేపు ఆలోచించి, "కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో లెక్క తప్పింది, కడుపులో రాయి" అని రాశాడు. అదే కుక్కర్, అదే రోజు, నేను హాల్లో చుట్టాలతో నవ్వుతూ మాట్లాడుతున్నాను. నాకూ లెక్క తప్పింది.